పాత ఇంటి పత్రాల్లో జాతి షరతు: మీకూ కనిపించిందా?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో 1927లో కట్టిన ఇల్లు కొంటున్నాం. ఇంటి హక్కు పత్రాలు సరిచూసే టైటిల్ కంపెనీ పంపిన ఫైల్లో అప్పటి షరతుల కాగితం స్కాన్ కూడా ఉంది. కంచె ఎంత ఎత్తుండాలి, కోళ్లు పెంచకూడదు లాంటి వాటి మధ్య ఇంకో షరతు: తెల్లజాతి వాళ్లు తప్ప ఎవరూ ఈ స్థలంలో ఉండకూడదట. ఇంట్లో పనిచేసే నౌకర్లయితే ఉండొచ్చట! ఇలాంటి షరతులు చెల్లవని పైన కవర్ పేజీ పెట్టారు. అయినా మా ఆవిడ అది చదివిన దగ్గర్నుంచీ సరిగ్గా మాట్లాడట్లేదు. మీలో ఎవరికైనా ఇలా ఎదురైందా? అసలిది ఎలా మొదలైంది?

సియాటిల్ శ్రీను:
మా ఇంటి కాగితాల్లోనూ ఉందండీ, నౌకర్ల మినహాయింపుతో సహా. టెన్షన్ పడకండి, ఇప్పుడు దానికి విలువ లేదు. ఫలానా వీధిలో నల్లజాతి వాళ్లు ఉండకూడదని నగరాలు చట్టం చేయడం కుదరదని 1917లో లూయీవిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో ఆ పని ప్రైవేటు ఒప్పందాల్లోకి మారింది. 1926లో వాషింగ్టన్ డీసీ నుంచి అలాంటి ఒప్పందం మీదే కేసు వస్తే, అదే కోర్టు జోక్యం చేసుకోలేదు. ఇక అడ్డేముంది? మీ ఇల్లు ఆ మరుసటి ఏడాదిదే, చూడండి. ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో తీర్పొచ్చింది. వాటిని పూర్తిగా నిషేధించింది 1968 చట్టం.

కాన్సస్ కోడలు:
మా కాన్సస్ సిటీలో కంట్రీ క్లబ్ ప్లాజా చుట్టుపక్కల వీధులు చూస్తే కళ్లు తిప్పుకోలేం. పెద్ద పెద్ద చెట్లు, ఫౌంటెన్లు. అవన్నీ వేసిన జె.సి. నికల్స్ అనే బిల్డర్ ఈ షరతుల్లో ఆరితేరినవాడు. గడువు అయ్యేలోపు ఎక్కువమంది ఓనర్లు కలిసి వద్దని రాసివ్వకపోతే వాటంతటవే కొనసాగేలా రాయించాడు. అంతమందిని ఎవరు కూడగడతారు? 2020లో ఇక్కడి ఫౌంటెన్‌కు ఆయన పేరు తీసేశారు. నాకైతే ఆలస్యమైనా మంచి పనే అనిపించింది.

పాతకాగితం:
గోదారిగట్టు గారూ, మీ పక్క ఊరు బర్క్‌లీలోనే జరిగిన సంగతి చెబుతాను. పెషావర్ నుంచి 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చిన వైష్ణో దాస్ బగాయ్, ఆయన భార్య కళ బర్క్‌లీలో ఇల్లు కొన్నారు. పిల్లలతో, సామానుతో వెళ్లేసరికి లోపలికి రాకుండా ఇరుగుపొరుగు తలుపులకు తాళాలేశారు. ఇక అక్కడ ఉండలేమని ఆ కుటుంబం వెనక్కి వెళ్లిపోయింది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు చట్టం దృష్టిలో తెల్లవాళ్లు కారని సుప్రీంకోర్టు తేల్చాక, బగాయ్‌కి అంతకుముందే వచ్చిన పౌరసత్వం పోయింది. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులకు కాలిఫోర్నియాలో భూమి కొననిచ్చేవాళ్లు కాదు కాబట్టి ఆస్తీ పోయింది. 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. కళ గారు పిల్లల్ని ఇక్కడే పెంచారు. 2021లో బర్క్‌లీ ఒక వీధికి ఆవిడ పేరు పెట్టింది. ఇల్లు కొన్నాక ఒకసారి వెళ్లి రండి.

మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో అడుగుపెట్టిందీ ఆ రోజుల్లోనే. హార్వర్డ్‌లో శరీరంలో శక్తి ఎలా తయారవుతుందో పరిశోధిస్తూ కూడా పౌరసత్వం అడిగే హక్కులేని మనిషిగానే ఉన్నారు. 1946లో చట్టం మారింది, 1948లో ఆయన పౌరుడు కాకుండానే పోయారు. అంత గొప్ప శాస్త్రవేత్తకు కూడా! తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

విజయ్_మిషిగన్:
చదువుతుంటే బాధేస్తోంది. కానీ రూజ్‌వెల్ట్ వచ్చాక ఇళ్ల విషయంలో చాలా మేలు జరిగింది కదా? అంతకుముందు సగం డబ్బు ముందే కట్టాలి, మూడు నుంచి ఐదేళ్లలో మిగతాది తీర్చాలి. ఇప్పుడు మనం తీసుకునే దీర్ఘకాలపు లోన్లకు దారి వేసింది 1934లో వచ్చిన ఎఫ్‌హెచ్‌ఏనే, అంటే ఇంటి లోన్లకు హామీ ఇచ్చే ప్రభుత్వ సంస్థ.

రత్నమాల:
మేలు జరిగింది విజయ్ గారూ, ఎవరికి అన్నదే ప్రశ్న. మీ డెట్రాయిట్‌లోనే ఎయిట్ మైల్ రోడ్డు దగ్గర ఒక గోడ ఉంది, వెళ్లి చూడండి. ఆరడుగుల ఎత్తు, అర మైలు పొడవు, ఉత్త కాంక్రీటు. నల్లజాతి వాళ్ల ఇళ్ల పక్కన కొత్త ఇళ్లు కడతానంటే ఎఫ్‌హెచ్‌ఏ లోన్లకు ఒప్పుకోలేదు. మధ్యలో గోడ కడితే ఒప్పుకుంది. అలా ఓ బిల్డర్ 1941లో కట్టాడు. నేను వెళ్లినప్పుడు గోడకు ఒకవైపు పిల్లలు సైకిల్ తొక్కుతున్నారు, ఇంకోవైపు ఎవరిదో పెరట్లో టమాటా మొక్కలు. కొంత భాగం మీద రంగురంగుల బొమ్మలు వేశారు.

1930ల్లో ప్రభుత్వ సంస్థే రెండొందలకు పైగా నగరాలకు మ్యాపులు గీయించి, నల్లజాతి వాళ్లుండే పేటలకు, అక్కడ లోన్ ఇవ్వడం ప్రమాదమని ఎర్ర రంగు వేసింది. రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం వాళ్లు అవి ఆన్‌లైన్‌లో పెట్టారు, ఓక్లాండ్ మ్యాపు కూడా ఉంది. ఆ రోజుల్లో లోన్ దొరికినవాళ్ల మనవలకు ఇల్లు మిగిలింది, దొరకనివాళ్ల మనవలకు అద్దె మిగిలింది. దీన్ని చిన్న విషయంగా నేను తీసుకోలేను.

గోదారిగట్టు:
అందరికీ థాంక్స్. మ్యాపు చూశాం, బగాయ్ గారి సంగతి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆ షరతు తీయించాలని గట్టిగా అంటోంది. కుదురుతుందా?

సియాటిల్ శ్రీను:
మా దగ్గర పద్ధతి వేరు, కాలిఫోర్నియా వాళ్లు చెప్పాలి.

పాతకాగితం:
కుదురుతుంది. ఆస్తి పత్రాలు నమోదు చేసే కౌంటీ రికార్డర్ ఆఫీసుకు ఫారం పంపాలి. కౌంటీ లాయర్లు చూసి సరేనంటే, ఆ వాక్యం కొట్టేసిన ప్రతిని రికార్డు చేస్తారు. క్లోజింగ్‌కి, అంటే ఇల్లు మీ పేరు మీదకు మారడానికి ముందే టైటిల్ కంపెనీని అడగండి, ఫారం నింపడంలో వాళ్లు సాయం చేయాలి. ఆ షరతున్న పేజీ నంబరు మాత్రం ముందే రాసి పెట్టుకోండి.