చెరువు తుంగ అంతా తీసేస్తరట, తూనీగల లెక్క ఎట్ల కట్టాలె?

జొన్నచేను:
మాది దేవరకొండ దిక్కు. మా ఊరి చెరువుల పూడిక తీసేటప్పుడు ఒడ్డు పొంటి తుంగ, జమ్ము మొత్తం జేసీబీతో గీకేస్తమంటున్నరు. కొంతయినా ఉంచమని పంచాయతీల అడగాలంటే చేతిల లెక్క ఉండాలె. వానలు పడ్డంక తూనీగలు వందల్ల తిరుగుతయి, ఆ లెక్క చాలదా?

మత్తడిగట్టు:
చాలదన్నా. వానల తర్వాత గుంపులుగా గాల్లో తిరిగే పసుపు తూనీగ వలస జాతి, పాంటలా ఫ్లావెసెన్స్. అది ఎక్కడో పుట్టి గాలితో వచ్చి ఉండొచ్చు. మీ చెరువులోనే పుట్టిందనడానికి గట్టి రుజువు కుబుసం, అంటే నీళ్లలో పెరిగిన తూనీగ పిల్ల (లార్వా) రెక్కలొచ్చి ఎగిరిపోతూ కాడ మీద విడిచిన పొట్టు.

పొద్దున 6–8 మధ్య, గాలి లేవకముందే చూడండి. నీటి మీద మూరెడు ఎత్తు దాకా తుంగ కాడలు వెతకాలి. మట్టిరంగు పొట్టు, వీపు మీద చీలిక, అందులోంచి తెల్లటి దారాలు వేలాడుతుంటే అదే. ఆ దారాలు లార్వా ఊపిరిగొట్టాల లోపలి పొరలు. గుంజితే కాళ్లు విరిగి కాడకే ఉండిపోతాయి, అందుకే కాడతో సహా కత్తిరించి అగ్గిపెట్టెలో పెట్టండి.

తుంగ ఉన్న ఒడ్డు 10 మీటర్లు, తుంగ లేని ఒడ్డు 10 మీటర్లు, వారానికోసారి వెతికి రెండు లెక్కలూ పోల్చండి. దొరికినవన్నీ ఏరేయకపోతే వచ్చే వారం అవే మళ్లీ లెక్కకొస్తాయి. రాత్రి వాన కొడితే పొట్టు కొట్టుకుపోతుంది, ఆ రోజు సున్నా వచ్చినా రాయొద్దు.

నీటితేలు:
ఎగిరేవాటినీ చూడండి, కానీ ఎండలో, 10 నుంచి 1 లోపే. ఒడ్డు వెంట 100 మీటర్లు, గట్టు వైపు 2, నీటి వైపు 3 మీటర్ల లోపల కనబడ్డవే. వాలినప్పుడు రెక్కలు పరిచేవి పెద్ద తూనీగలు, ఎక్కువగా మడిచి పెట్టేవి సూదితూనీగలు. తుంగ విషయంలో అసలు ముఖ్యం ఈ సూదివే: కాడను చీల్చి లోపల గుడ్డు పెడతాయి. కాడ లేకపోతే గుడ్డుకు చోటే లేదు. ఒడ్డంతా బ్రాకీథెమిస్ కంటామినాటా అనే తూనీగ జాతి ఒక్కటే కనబడితే నీళ్ల మీద అనుమానపడాలి, అది మురికిని బాగా తట్టుకుంటుంది.

నీళ్లలోని లార్వాల కోసం వల వేస్తే అర మిల్లీమీటరు కన్నుది వాడండి, 2 నిమిషాలు, పడ్డవి తెల్లటి ట్రేలో పోసి చూడండి. వీపు నిండా గుడ్లున్న చదునైన పురుగు దొరికితే అది మగ నీటినల్లి, పిల్లల్ని మోస్తోంది. వెంటనే నీళ్లలో వదిలేయండి. దోమల పేరుతో గంబూసియా చేపలు వదలనివ్వకండి. దోమపిల్లల్ని తినే తూనీగ లార్వాలను కూడా అవి తింటాయి.

కట్టమీద:
ఇవన్నీ ఊరి చెరువుకు. అమ్రాబాద్ టైగర్ రిజర్వు లోపల కుంటల్లో అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా పొట్టు కూడా ఏరొద్దు.

ఇంకోటి, తడినేలలను (చెరువులు, చిత్తడి నేలలు) కాపాడే 2017 కేంద్ర నియమాల మీద ఆశ పెట్టుకోవద్దు, సాగు కోసం కట్టిన చెరువులు వాటి నిర్వచనంలోకి రావు. పంచాయతీలో ఒప్పించుకోవడమే దారి. ఏటా మూడో వంతే తీయమనండి. తీసిన తుంగను ఒక రోజు నీటి అంచునే కుప్ప పోస్తే అందులోని పురుగులు కొన్నయినా పాకి నీళ్లలోకి పోతాయి. ట్రాక్టర్‌లో వెంటనే ఎత్తితే అన్నీ పోయినట్టే.

జొన్నచేను:
అగ్గిపెట్టెలల్ల బూజు పడుతున్నది, ఏం చేయాలె?

మత్తడిగట్టు:
కాడ పచ్చిగా ఉంటుంది కదా. పెట్టె తెరిచి నీడలో ఆరనిచ్చినంకనే మూయండి. తేదీ, ఒడ్డు పేరు పెన్సిల్‌తో రాసిన చీటీ లోపలే ఉండాలి, మూత మీద రాస్తే మూతలు మారిపోతాయి.