‘సత్యసహాయకులు’ అనొచ్చా?

ప్రశ్న (గుంటూరు): డిసెంబర్ 31న పదహారవ బెనెడిక్ట్ పోపు గారి వర్ధంతి. విచారణ (పారిష్) గుడి దగ్గర ఫ్లెక్సీ కడుతున్నారు. ఆయన లాటిన్ ధ్యేయవాక్యం ‘కోఓపెరాతోరెస్ వెరితాతిస్’ని ‘సత్యసహాయకులు’ అని రాశారు. కింద ‘యోహాను 3:8’ అని ఉంది. ప్రింటుకు ఇచ్చేలోపు ఎవరైనా చూడండి.

జవాబు (విజయవాడ): ముందు కింది లైను దిద్దించండి. యోహాను 3:8 తీస్తే గాలి తనకిష్టమైన చోట వీచడం గురించి ఉంటుంది. ఈ మాట యోహాను మూడో లేఖలోది. దానికి ఒకటే అధ్యాయం కాబట్టి ‘3 యోహాను 8’ చాలు. 3 పేరుకు ముందే రావాలి.

ఇక సమాసం. విగ్రహవాక్యం ‘సత్యానికి సహాయకులు’ అయితే తత్పురుష. ‘సత్యమైన సహాయకులు’ అయితే కర్మధారయం, అంటే నికార్సైన సాయగాళ్లన్నమాట! దారిన పోయేవాళ్లకి రెండోదే తడుతుంది. విడదీసి ‘సత్యమునకు సహాయకులు’ అని రాయండి. పాత తెలుగు బైబిలులో ఉన్నదీ ఈ మాటే.

ఇంకొకరు: ‘సహకారులు’ ఇంకా దగ్గర కాదూ?

విజయవాడ: దగ్గరే. లేఖ మూలమైన గ్రీకులో ‘సునెర్గోయ్’: సున్ అంటే కలిసి, ఎర్గోన్ అంటే పని. ఆ లెక్కన ‘సహాయకులు’ కాస్త పలచనే. కానీ మన వైపు సహకార అనగానే పరపతి సంఘం, ఎరువు బస్తాలు గుర్తొస్తాయి. ‘సత్యము యొక్క’ మాత్రం వద్దు, తర్జుమా వాసన. లాటిన్‌లో సత్యం షష్ఠిలో ఉంది, గ్రీకులో చతుర్థి లాంటి రూపంలో. మన వ్యాకరణంలో కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ అన్నీ షష్ఠే కదా, ‘సత్యమునకు’ రెంటికీ అతికింది.

బహువచనం కూడా వదలొద్దు. 1977లో మ్యూనిక్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్పు) అయినప్పుడు ఎంచుకున్న మాట ఇది. అంతకుముందు బాన్, మ్యూన్‌స్టర్, ట్యూబింగెన్, రెగెన్స్‌బర్గ్‌లలో వేదాంతశాస్త్రం చెప్పిన ప్రొఫెసరు ఆయన. పాఠం చెప్పడానికీ మేత్రాసనం (బిషప్పు కింది ప్రాంతం) నడపడానికీ మధ్య లంకెగా దీన్ని చూశారు. ‘సహాయకుడు’ అంటే ఆయనకిచ్చిన బిరుదైపోతుంది.

గుంటూరు: 2013 ఫిబ్రవరి 11 పక్కన ‘పదవీ విరమణ’ అని కూడా ఉంది.

విజయవాడ: తేదీ, మాట రెండూ మార్చాలి. 11న, మన గుణదల తిరునాళ్ల రోజున, చదివింది ప్రకటనే. దిగిపోయింది 28న. బిషప్పులు 75 ఏళ్లకు రాజీనామా సమర్పించాలి, పోపుకు వయోపరిమితి లేదు. లాటిన్ ప్రకటనలో ఆయన వాడిన క్రియ ‘రెనున్తియారె’, త్యజించడం. ‘పదవీ త్యాగం’ అనండి.