టెర్రస్ మీద 14 కోళ్లు: నీళ్లు వాటంతట అవే నిండే ఏర్పాటు ఎలా చేసుకోవాలి?

రామ్మూర్తినగర్ టెర్రస్:

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె, బెంగళూరు వచ్చి పదకొండేళ్లయింది, ఇక్కడ రామ్మూర్తినగర్‌లో సొంతిల్లు. టెర్రస్ మీద వాటర్ ట్యాంకు పక్కన ఇనుప మెష్‌తో గూడు కట్టి 14 కోళ్లు పెంచుతున్నాం. నాలుగు గిరిరాజ, మిగతావన్నీ ఊరి నుంచి తెచ్చిన నాటుకోళ్లు. నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగాలకు పోతాం. పొద్దున ఆరింటికి రెండు తొట్లు కడిగి నింపి పెడితే పది గంటలకల్లా వాటి నిండా ఊక, రెట్ట. సాయంత్రం వచ్చి చూస్తే నీళ్లు టీ రంగులో ఉంటాయి. ఏప్రిల్‌లో అయితే మధ్యాహ్నానికే తొట్టి అడుగంటిపోయి, పక్కింటావిడ ఫోన్ చేసి "నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయండీ" అని చెబితే ఆఫీసులో కూర్చుని ఏం చేయాలో తెలియక టెన్షన్ పడ్డ రోజులున్నాయి.

దాని కోసమని పోయిన డిసెంబర్‌లో నేనే ఒక ఏర్పాటు చేశాను. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి అరంగుళం పైపు లాగి, తొట్టికి టాయిలెట్ ఫ్లష్ ట్యాంకులో వేసే బాల్‌కాక్ బిగించాను. మూడు వారాలు బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ ధైర్యంతో సంక్రాంతికి నాలుగు రోజులు ఊరికెళ్లాం. తిరిగి వచ్చి తెల్లవారుజామున ఐదింటికి కుళాయి తిప్పితే చుక్క నీళ్లు లేవు. పైకి వెళ్లి చూస్తే గూడంతా బురద, ఊక ఉబ్బిపోయి, కళ్లు మండేంత ఘాటు వాసన. బాల్ మీద రెట్ట ఎండిపోయి ఉంది. అంటే ఏదో కోడి దాని మీద ఎక్కి కూర్చుని ఉంటుంది, బాల్ కిందికి అణిగి వాల్వ్ తెరుచుకునే ఉండిపోయింది. వెయ్యి లీటర్ల ట్యాంకు మొత్తం ఖాళీ. మూల నిలిచిన ఆ మురికి నీళ్లే తాగుతున్నాయి పాపం. ఒక పెట్ట చనిపోయింది, మరో రెండింటికి వారం రోజులు విరేచనాలు. మా అమ్మాయి పేరు పెట్టుకున్న పెట్టే పోయింది, ఇప్పటికీ అడుగుతుంది.

అప్పటి నుంచి మళ్లీ చేత్తోనే నింపుతున్నాను. నిపుల్స్ (పైపుకు బిగించేవి, కోడి ముక్కుతో పొడిస్తే చుక్క వస్తుంది), కప్పులు, బెల్ డ్రింకర్లు (గంటలా వేలాడే తొట్లు) అని ఆన్‌లైన్‌లో రకరకాలు కనిపిస్తున్నాయి. ఇంత చిన్న మందకు ఏది మంచిది? ట్యాంకు పైపు నేరుగా కలపొచ్చా? మూడు నాలుగు రోజులు ఇంట్లో లేకపోయినా నీళ్లు పొర్లకుండా, ఆగిపోకుండా ఉండాలంటే ఏం చేయాలి? నిజంగా వాడుతున్నవాళ్లు చెప్పండి.

వైట్‌ఫీల్డ్ కర్నూలు:

అన్నా, పెట్ట సంగతి చదివి బాధేసింది. బాల్‌కాక్ పెట్టడంలో తప్పు లేదు, ఇళ్లల్లో అదే కదా రోజూ పనిచేసేది. తప్పు రెండు చోట్ల ఉంది. ఒకటి, బాల్ కోళ్లకు అందేలా ఉంది. రెండోది అసలైంది, వెనకాల వెయ్యి లీటర్లున్నాయి. వాల్వ్ అన్నాక ఎప్పుడో ఒకరోజు ఇసుక రేణువు ఇరుక్కునో, రబ్బరు అరిగో కారుతుంది. కారిన రోజు ఎన్ని నీళ్లు పోవచ్చో మనం ముందే కట్టడి చేసి పెట్టుకోవాలి. 2024 వేసవిలో ఇక్కడ బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం ఎంత అవస్థ పడ్డామో మీకు నేను చెప్పక్కర్లేదు. వెయ్యి లీటర్లు ఊకలో పోసుకునే పరిస్థితి ఈ ఊళ్లో ఎవరికీ లేదు.

నేను చేసింది చెప్తాను. మెయిన్ ట్యాంకు నుంచి వచ్చే పైపుకు ఒక మామూలు వాల్వ్, దాని కింద 50 లీటర్ల నీలం డ్రమ్ము. వాల్వ్ తిప్పి డ్రమ్ము నింపుతాను, మళ్లీ కట్టేస్తాను. డ్రమ్ము నుంచి సన్నపైపు ఒక ఐదు లీటర్ల మూత డబ్బాలోకి వెళ్తుంది. ఆ డబ్బాలో ఆర్వో ఫిల్టర్ ట్యాంకుల్లో ఉండే చిన్న ఫ్లోట్ వాల్వ్ ఉంటుంది. మూత బిగించి ఉంటుంది కాబట్టి కోడి ఎక్కినా, ఊక ఎగిరినా ఫ్లోట్‌కు ఏమీ కాదు. ఆ డబ్బా నుంచే నిపుల్ పైపుకు నీళ్లు. ఎక్కడ కారినా మహా అయితే 50 లీటర్లు పోతాయి. మామూలు రోజుల్లో ఒక కోడి పావు లీటరు అటూఇటూ తాగుతుంది, ఎండల్లో అర లీటరు దాకా పోతుంది. అంటే మీ 14 కోళ్లకు ఎంత ఎండ కాసినా రోజుకు ఏడు లీటర్లు. 50 లీటర్లంటే వారం.

నేరుగా కలపొచ్చా అని అడిగారు కదా, నిపుల్స్‌కు అస్సలు కలపొద్దు. కోడి ముక్కుతో పిన్ను కదిపితేనే చుక్క రావాలి, అది చాలా తక్కువ ఒత్తిడికి తయారుచేసిన వస్తువు. నీటి మట్టం నిపుల్ కంటే అడుగు, అడుగున్నర ఎత్తులో ఉంటే చాలు. మీ ట్యాంకు స్టాండు మీద ఉంటుంది కాబట్టి ఆరేడు అడుగుల ఒత్తిడి వచ్చి పడుతుంది, నిపుల్స్ పగలూ రాత్రీ కారుతూనే ఉంటాయి, మళ్లీ అదే తడి ఊక. ఆ ఐదు లీటర్ల డబ్బా గోడకు ఎంత ఎత్తులో బిగిస్తారో అదే మీ ప్రెషర్ రెగ్యులేటర్ అనుకోండి.

సామాను అంతా ఎస్‌జేపీ రోడ్డులో ఒక్క పూటలో తెచ్చుకోవచ్చు. నిపుల్స్ మాత్రం నేను ఆన్‌లైన్‌లో తీసుకున్నాను. పైపుకు బెజ్జం వేసేటప్పుడు నిపుల్‌కు చెప్పిన సైజు డ్రిల్ బిట్టే వాడండి, అర మిల్లీమీటరు ఎక్కువైనా ఎంత టేపు చుట్టినా కారుతుంది. నేను మొదటి పైపు అలాగే పాడుచేసుకున్నాను.

ఎలహంక హిందూపురం అక్క:

తమ్ముడూ, పైన చెప్పింది బాగుంది కానీ 14 కోళ్లకు అంత పైపుల పని అవసరమా అని నా అనుమానం. మేం తాగే 20 లీటర్ల వాటర్ క్యాను పాతది ఒకటి తీసుకుని, తలకిందులుగా స్టాండుకు పెట్టి, మూతకు పైపు కలిపి నాలుగు నిపుల్స్ వేశాను. ఇప్పుడు పైకి వచ్చిన క్యాను అడుగున గాలి పోవడానికి ఒక చిన్న బెజ్జం పెట్టాలి, అది మరిచిపోతే కాసేపటికి నీళ్లు రావడం ఆగిపోతుంది. నా తొమ్మిది కోళ్లకు చలికాలంలో వారం పైన, ఎండాకాలంలో నాలుగు రోజులు వస్తుంది. ఫ్లోట్ లేదు, బాల్ లేదు, చెడిపోయేది ఏమీ లేదు. దానంతట అది నిండదు నిజమే, కానీ నాలుగు రోజులకొకసారి నింపడం కష్టమేం కాదు కదా.

దానికి ముందు పళ్లెంలో బోర్లించే డబ్బా వాడాను, అదే, పళ్లెంలో నీళ్లు తగ్గితే డబ్బా బెజ్జం బయటపడి గాలి లోపలికి పోయి మళ్లీ నీళ్లు దిగుతాయి చూడండి, ఆ రకం. కోడిపిల్లలకు అదే మంచిది. పెద్దవాటికి కూడా నీడలో పెడితే పర్వాలేదు. నేను టెర్రస్ మీద ఎండలో పెట్టాను. పొద్దున సరిగ్గా ఉండేది, మధ్యాహ్నానికి పళ్లెం పొర్లి చుట్టూ తడి. డబ్బా పగిలిందేమో అని రెండు మార్చాను. చివరికి తెలిసింది ఏంటంటే, డబ్బా సగం ఖాళీ అయ్యాక పైన ఉన్న గాలి ఎండకు వేడెక్కి వ్యాకోచించి నీళ్లను కిందికి నెట్టేస్తోంది. గోనెసంచి కప్పి నీడలోకి జరిపితే ఆగిపోయింది. క్యానుకు కూడా గోనెసంచి కప్పండి, లేకపోతే ఎండ తగిలి లోపల పాచి పడుతుంది, నీళ్లు కాగిపోతాయి. వేడి నీళ్లు కోళ్లు తాగవు, ఎదురుగా ఉన్నా దాహంతోనే ఉంటాయి.

నిపుల్స్‌కు అలవాటు చేయడం గురించి ఎవరూ చెప్పలేదు. తొట్లు ఉన్నంత కాలం వాటి దగ్గరికి పోవు. ఒక పొద్దున తొట్లు తీసేసి, నిపుల్ వేలితో కదుపుతూ చుక్క మెరిసేలా చేస్తే ఒక పెట్ట వచ్చి పొడుస్తుంది, దాన్ని చూసి మిగతావి. మొదటి మూడు రోజులు సాయంత్రం పూట తొట్టి పెట్టి ఒక్కోటీ ఎంత ఆత్రంగా తాగుతోందో చూడండి, అప్పుడు ఏది నేర్చుకోలేదో తెలుస్తుంది. మీరిద్దరూ ఇంట్లో ఉండే సెలవుల్లోనే ఇది మొదలుపెట్టండి.

హొసకోటె షెడ్డు:

నాది 300 పెట్టల చిన్న లేయర్ (గుడ్ల కోళ్ల) షెడ్డు, ఏడేళ్లుగా నిపుల్ లైన్ల మీదే. వైట్‌ఫీల్డ్ తమ్ముడు చెప్పిన పద్ధతే నాదీ, కాకపోతే పెద్దది. అక్క చెప్పిన క్యాను కూడా తప్పు కాదు. కానీ మీ ప్రశ్నలో పొర్లడం గురించి ఉన్నంత భయం ఆగిపోవడం గురించి లేదు. నాకు రెండోదే ఎక్కువ భయం.

తొట్టిలో నీళ్లు లేకపోతే కంటికి కనిపిస్తుంది. నిపుల్ పైపులో నీళ్లు లేకపోతే బయటికి ఏమీ తెలియదు, పైపు పైపులాగే ఉంటుంది. గుడ్డులో ముప్పాతిక వంతు నీళ్లే. ఒక్క రోజు నీళ్లు అందకపోతే గుడ్లు పడిపోతాయి, మళ్లీ దారిలో పడటానికి వారాలు పడుతుంది. నాకు రెండో ఏడాది అలాగే అయింది. లైను మధ్యలో క్లాంపు ఊడి పైపు కొంచెం పైకి వంగింది, ఆ వంపులో గాలి ఇరుక్కుని, అవతలి సగానికి నీళ్లు పోలేదు. ఇవతలి సగం బాగానే ఉంది కాబట్టి నాకు అనుమానం రాలేదు. మూడో రోజు ఆ వైపు గుడ్లు తగ్గాక కానీ పట్టుకోలేకపోయాను.

అందుకే పైపు చివర ఎండ్ క్యాప్ వేసి వదిలేయకండి. చివర ఒక ఎల్బో పెట్టి రెండు మూడు అడుగుల పారదర్శకమైన గొట్టం నిలువుగా నిలబెట్టండి, పై కొన ఫ్లోట్ డబ్బా కంటే పైకి ఉండాలి, తెరిచే ఉండాలి. గాలి అందులోంచి బయటికి పోతుంది, పైగా గొట్టంలో నీళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయో మెట్లెక్కగానే కనిపిస్తుంది. అది కనిపించినా సరే, రోజూ పొద్దున చివరి నిపుల్ వేలితో నొక్కి చూడండి. మొదటిది కాదు, చివరిది.

మీ ఇంట్లో కావేరి నీళ్లా, బోరు నీళ్లా? కావేరి అయితే ఇబ్బంది తక్కువ. బోరు అయితే నీళ్ల గిన్నెల్లో తెల్లగా పేరుకుంటుంది చూడండి, అదే నిపుల్ పిన్ను చుట్టూ పేరుకుని, ఒకటి కారుతుంది, ఇంకొకటి బిగుసుకుపోతుంది. నెలకొకసారి పైపులో వెనిగర్ కలిపిన నీళ్లు రాత్రంతా నిలవ ఉంచి పొద్దున మొత్తం వదిలేస్తే కరిగిపోతుంది. ఆ రాత్రి కోళ్లను గూటి ఇంకో భాగంలో ఉంచండి. జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు, జీఐ డబ్బా అయితే వెనిగర్ వద్దు, ఆ పూత కరుగుతుంది.

ఇంకొకటి. కొక్కెర తెగులుకు లసోటా టీకా నీళ్లలో ఇస్తారు కదా, ఆ రోజు మాత్రం ఈ ఏర్పాటంతా కట్టేసి మళ్లీ తొట్లే పెట్టండి. పైపులో పాత క్లోరిన్ నీళ్లు, వెనిగర్ వాసన ఏది మిగిలి ఉన్నా టీకాలోని వైరస్ చచ్చిపోతుంది, మనం ఇచ్చామనే అనుకుంటాం. కావేరి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి కొంచెం వెన్న తీసిన పాలపొడి కలపాలి, ముందు గంటా రెండు గంటలు నీళ్లు ఆపి ఉంచితే టీకా నీళ్లు గబగబా తాగేస్తాయి. మోతాదు మీ డాక్టర్ని అడగండి. అందుకే తొట్లు పారేయొద్దు.

నిపుల్ ఎత్తు: కోడి కాళ్లు నేల మీద పూర్తిగా ఆని, మెడ మాత్రం పైకి చాచి తాగాలి. మునివేళ్ల మీద లేస్తే ఎత్తు ఎక్కువైనట్టు, మెడ పక్కకు వంచి తాగుతుంటే తక్కువైనట్టు, పక్కకు తాగితే సగం నీళ్లు ఊకలోకే. లెక్కకు మీ 14 కోళ్లకు రెండు నిపుల్స్ చాలు, కానీ నాలుగైనా వేయండి. పెత్తనం చేసే పెట్ట ఒకటి ప్రతి గూట్లోనూ ఉంటుంది, అది అడ్డంగా నిలబడితే బలహీనమైనవి దగ్గరికి రాలేవు.

రామ్మూర్తినగర్ టెర్రస్:

ముగ్గురికీ చేతులెత్తి దండం. ఆగిపోవడం గురించి నేను నిజంగా ఆలోచించలేదు. మాకు కావేరి రోజు మార్చి రోజు, మధ్యలో సంపులో బోరు నీళ్లు కలుస్తాయి. 50 లీటర్ల డ్రమ్ము, మూత డబ్బా, చివర గొట్టం, ఇదే చేస్తాను. అక్కా, ఒక ప్రశ్న. బాగా వయసైన నాటు పెట్ట ఒకటుంది, ఒక కన్ను సరిగ్గా కనపడదు. అది నేర్చుకుంటుందా?

ఎలహంక హిందూపురం అక్క:

చెప్పలేను తమ్ముడూ, మా దగ్గర ఒకటి అసలు నేర్చుకోలేదు. దానికోసం ఒక నిపుల్ తీసేసి అదే బెజ్జానికి కప్పు బిగించాను. కప్పులో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉంటాయి కాబట్టి ముక్కుకు తగులుతాయి. రోజూ వేలితో ఒకసారి తుడవాలి, అంతే. మీ పెట్టకు కన్ను బాగున్న వైపు నుంచి కనపడేలా, మూలకు పెట్టండి.

రామ్మూర్తినగర్ టెర్రస్:

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. పోయిన ఆదివారానికి ముందు ఆదివారం అంతా బిగించాను. మొదటి రోజు రెండు నిపుల్స్ కారాయి, డబ్బాను నాలుగంగుళాలు కిందికి దించితే ఆగిపోయాయి. గిరిరాజలు మధ్యాహ్నానికే పట్టేశాయి, నాటువి మూడు రోజులు తీసుకున్నాయి. ముసలి పెట్ట ఇప్పటికి కప్పు దగ్గరే తాగుతోంది. ఊక పొడిగా, చేత్తో తీస్తే రాలిపోయేలా ఉంది. మా అమ్మాయి స్కూలుకు పోయే ముందు పైకెక్కి చివరి నిపుల్ నొక్కి, గొట్టంలో నీళ్లు స్కెచ్ పెన్నుతో గీసిన గీత దాకా ఉన్నాయో లేదో చూసి వచ్చి చెబుతుంది. ఉగాదికి మూడు రోజులు ఊరికి వెళ్తున్నాం. గీత ఫోటో రోజుకొకటి పంపమని పక్కింటావిడకు చెప్పాను, మెయిన్ వాల్వ్ కట్టేసే వెళ్తాను.