షిట్జూ కంట్లో నీరు: దిగులా, కంటి బాధా?

ప్రశ్న:
మా నాలుగేళ్ల తెల్ల షిట్జూ, మా అమ్మాయి హాస్టల్‌కు వెళ్లిన మూడు వారాల నుంచి గుమ్మం దగ్గరే పడుకుంటోంది, పెట్టిన అన్నంలో సగం వదిలేస్తోంది. నాలుగు రోజులుగా ఎడమ కంటి నుంచి నీరు కారి, ముక్కు పక్క వెంట్రుకలు ఎర్రబడ్డాయి. పిల్ల కోసం ఏడుస్తోందని మా అత్తగారు బాధపడుతున్నారు. కుక్కలు నిజంగా దుఃఖంతో కన్నీరు పెడతాయా? అత్తగారికి డాక్టరు రాసిన కంటి చుక్కలు ఇంట్లో ఉన్నాయి, అవి వేయవచ్చా?

మొదటి జవాబు:
చుక్కలు దయచేసి వేయకండి. మా పగ్‌కు నేను అలాగే వేసి, దాని కంటిని ప్రమాదంలోకి నెట్టాను. ఆ సీసాలో స్టెరాయిడ్ ఉందని తరువాత తెలిసింది. నల్లగుడ్డుపై పుండు ఉన్నప్పుడు స్టెరాయిడ్ పడితే అది మానకపోగా మరింత లోతుకు పోతుంది. ఇక దిగులు సంగతి అంటారా, మీరు చెప్పిన గుమ్మం, వదిలేసిన అన్నం, వీటిలోనే అది కనిపిస్తోంది. పిలిస్తే తోక ఊపకుండా తల మాత్రమే ఎత్తడం, పాదాలను అదే పనిగా నాకుకోవడం కూడా ఉన్నాయేమో గమనించండి.

రెండవ జవాబు:
నేను పశువైద్యుణ్ణి. మనుషుల్లా దుఃఖం వల్ల కుక్కలు కన్నీరు కారుస్తాయనడానికి ఆధారం లేదు. 2022లో జపాన్‌లోని అజాబు విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలిచి చూస్తే, యజమాని దూరమై తిరిగి వచ్చినప్పుడు కుక్కల కంట్లో తడి పెరిగింది. అంటే అది కలయిక నాటి తడి, అదీ చెంపల మీదికి కారేంత కాదు. పైగా మీరు ఒక్క ఎడమ కన్నే అన్నారు. దిగులు ఒక కంటికే పరిమితం కాదు కదా. షిట్జూల కనుగుడ్లు లోతు తక్కువైన గుంతల్లో ముందుకు పొడుచుకొని ఉండటం వల్ల ముఖం మీది వెంట్రుకలు తేలికగా గీసుకుంటాయి. కన్నీటి నాళం మూసుకుపోయినా నీరు బయటికే పొర్లుతుంది. ఆ ఎరుపు రక్తం కాదు, కన్నీటిలోని పోర్ఫిరిన్ అనే పదార్థం రంగు. కన్ను చికిలించినా, కాలితో రుద్దుకున్నా, పచ్చని పుసి కట్టినా ఆ రోజే చూపించాలి. ఆహారం తగ్గడానికి నొప్పి కూడా కారణం కావచ్చు కనుక, అంతా బెంగ మీదికి నెట్టేయకండి.

ప్రశ్న అడిగినవారు:
నిన్న సాయంత్రం చూపించాము. కంట్లో రంగు చుక్క వేసి నీలి కాంతిలో చూడగానే నల్లగుడ్డుపై సన్నని గీత ఆకుపచ్చగా మెరిసింది. ముక్కు మడత మీది వెంట్రుకలు కత్తిరించి, యాంటీబయాటిక్ చుక్కలు రోజుకు నాలుగుసార్లు వేయమన్నారు, రుద్దుకోకుండా మెడకు కాలర్ కట్టారు. ఈ ఉదయం కన్ను పూర్తిగా తెరిచి, గిన్నె మొత్తం ఖాళీ చేసింది. గుమ్మం మాత్రం ఇంకా వదలలేదు. శనివారం అమ్మాయి వస్తోంది.