లిటరేచర్ రివ్యూ రాయమంటే పేపర్ల జాబితా రాస్తున్నారు, ఎలా మాన్పించాలి?

ప్రశ్న: ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం ప్రాజెక్టులు. అంశం, కోనసీమలో రొయ్యల చెరువుల పక్క వరిచేలలో ఉప్పు. పిల్లలు పాత పరిశోధన పేపర్లు చదువుతున్నారు, కానీ రాసేది పేరాకో పేపరు: "ఫలానా వారు 2012లో అధ్యయనం చేశారు. ఫలానా వారు 2016లో..." పోల్చి రాయమంటే మధ్యలో "అయితే" చేర్చి తెస్తున్నారు. మార్గం ఏమిటండీ?

జవాబు 1: దేన్ని దేనితో పోల్చాలో తెలియందే ఎలా పోలుస్తారండీ? ముందు రాయనివ్వకండి, ఎక్సెల్‌లో పట్టిక వేయించండి. ఒక్కో పేపరుకు ఒక అడ్డవరస. నిలువు వరసల్లో ఊరు, చెరువుకు ఎంత దూరం, ఎంత లోతు మట్టి, ఏ నెల, ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో తెలిపే విద్యుత్ వాహకత) ఎలా కొలిచారు, ఎంత వచ్చింది, చెప్పిన కారణం. మొదటిసారికి పది పన్నెండు పేపర్లు చాలు. పేరా రాసేటప్పుడు నిలువు వరస చూసి రాయాలి. అడ్డంగా చూస్తే మళ్ళీ జాబితానే. పేరా మొదటి వాక్యంలో రచయిత పేరు రాకూడదని కూడా చెప్పండి.

జవాబు 2: పట్టిక సరే, అంకెలు పక్కపక్కన పడగానే తొందరపడతారు. సంతృప్త మట్టిముద్ద (నీళ్ళతో పూర్తిగా నానిన మట్టి) నుంచి తీసిన నీటిలో ఈసీ కొలిస్తే ఒక అంకె. ఒక పాలు మట్టికి రెండు పాళ్ళు నీళ్ళు కలిపి కొలిస్తే ఉప్పు పలచబడి అదే మట్టికి తక్కువ వస్తుంది. పాలచౌడుకు (ఉప్పు ఎక్కువైన నేలకు) చెప్పే మీటరుకు 4 డెసిసీమెన్స్ హద్దు మొదటి పద్ధతిది. రెండో పద్ధతిలో 2 వచ్చిన చేను "బాగానే ఉంది" అని రాసేస్తారు, అది తప్పు.

నెల సంగతీ అంతే. సార్వా వానలకు ఉప్పు కడుక్కుపోతుంది, దాళ్వా కోసి కాలువలకు నీళ్ళు ఆపేశాక పైకి తేలుతుంది. అక్టోబరు మట్టికీ మే మట్టికీ తేడా వస్తే "పరిశోధకుల్లో భిన్నాభిప్రాయాలు" అంటారు. భిన్నాభిప్రాయం ఎక్కడుంది? "ఏ రొయ్య" అని ఇంకో వరస పెట్టించండి. మన దేశంలో వనామీ సాగుకు అనుమతి 2009లో వచ్చింది, అంతకు ముందు పేపర్లు ఎక్కువగా టైగర్‌వి. వనామీ తక్కువ ఉప్పు నీటిలోనూ పెరుగుతుంది కాబట్టి చెరువులు లోపలి ఊళ్ళకూ వచ్చాయి.

ప్రశ్న అడిగినవారు: కొలిచిన పద్ధతే రాయని పేపర్లుంటే?

జవాబు 2: గడిలో "రాయలేదు" అని పెట్టించండి, ఆ అంకెను పోలికలోకి రానివ్వకండి.

జవాబు 1: ఇంకొకటి. "ఈ ప్రాంతంపై పరిశోధన జరగలేదు" అని రాసేముందు శోధ్‌గంగలో (మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉంచే వెబ్‌సైట్) థీసిస్‌లు వెతికారా అని అడగండి. వెతికిన మాటలూ తేదీ పట్టిక కింద రాయిస్తే మీరే సరిచూడొచ్చు.