కిటికీ కోసం వదిలిన ఖాళీ మూలమట్టంగా లేదు, ఫ్రేము ఎలా బిగించాలి?

కట్టుకుంటున్న ఇంటికి కిటికీలు నేనే బిగిద్దామని పూనుకున్నాను. పక్కకు జరిపే యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు, మొత్తం ఆరు. మొదటి రెండూ సాఫీగానే కూర్చున్నాయి, దాంతో కాస్త ధీమా వచ్చింది. మూడోది ఆ ధీమా దించేసింది.

గోడలోని ఖాళీని మూల నుంచి మూలకు కొలిస్తే ఒక కర్ణం రెండోదానికన్నా 11 మిల్లీమీటర్లు ఎక్కువ. రసమట్టం పెట్టి ఫ్రేమును నిటారుగా నిలబెడితే ఎడమవైపు సందు కింద 4 మిల్లీమీటర్లు, పైన 20 దాకా ఉంది. ఆర్డరు ఇచ్చేముందు వెడల్పును మధ్యలో ఒక్కచోటే కొలిచాను. పైన, కింద కూడా కొలిచి, అన్నిటికన్నా తక్కువదాన్ని లెక్కలోకి తీసుకోవాలని ఇప్పుడు తెలిసింది. (తిట్టదలచినవారు తిట్టవచ్చు.)

ఆ 20 మిల్లీమీటర్ల సందును ఫోముతో (చిమ్మాక ఉబ్బి గట్టిపడే నురగ) నింపేస్తే చాలా? లేక ముందు ఇసుక, సిమెంటుతో అంచు సరిచేసి, అది ఆరాక బిగించాలా? ఫోము ఉబ్బి ఫ్రేమును లోపలికి నెడితే రెక్కలు జరగవేమోనని నా భయం. అందుకే మర (స్క్రూ) పడే ప్రతిచోటా ఫ్రేముకూ గోడకూ మధ్య గట్టి ప్లాస్టిక్ ముక్కలు పెడదామనుకుంటున్నాను. అది చాలుతుందా?

ఇంకొకటి. ఫ్రేము అడుగున వాననీరు బయటికి పోయే చిన్న రంధ్రాలున్నాయి, కానీ దాని కింది గట్టు కాస్త ఇంటిలోపలికే వాలి ఉంది. ముందు దాన్ని చెక్కి బయటికి వాలు ఇవ్వాలా? చుట్టూ సిలికాన్ పూస్తే సరిపోతుందని తెలిసినాయన ఒకరు అన్నారు, నాకైతే నమ్మకం కుదరలేదు. పైగా ఆ రంధ్రాలు కూడా మూసుకుపోతే నీరు ఎటు పోతుంది? ఈ పని స్వయంగా చేసినవారు దయచేసి చెప్పండి.