జ్ఞానదంతం దగ్గర చిగురు వాస్తే: మొదటిసారికే పీకించాలా?

మారతహళ్లి_మెతుకు: కింది జ్ఞానదంతం సగమే బయటికొచ్చింది, పైన చిగురు వాచింది. మెడికల్ షాపులో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ చేతిలో పెట్టారు, క్లినిక్‌లో పీకేద్దామన్నారు. ఎవరి మాట వినాలి?

జయనగర్_పళ్లడాక్టర్: ఇద్దరిదీ తొందరే. సగం వచ్చిన పంటి మీద చిగురు మూతలా ఉండిపోతుంది. దాని కింద మెతుకులు కుళ్లుతాయి, పుక్కిలిస్తే నీళ్లు అక్కడిదాకా పోవు. డాక్టరు మొండిమొన సిరంజితో మూత కిందికి సెలైన్ చిమ్మి కడగాలి, అసలు వైద్యం అదే. ఇంట్లో గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు, తిన్న ప్రతిసారీ. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ 0.2 శాతం 10 మి.లీ., నిమిషం పాటు పుక్కిలించి ఉమ్మేయాలి, రోజుకు రెండుసార్లు, వారం చాలు. ఎక్కువ రోజులు వాడితే పళ్లకు గార పడుతుంది, మన ఫిల్టర్ కాఫీ తోడైతే ఇంకా. జ్వరం లేక, నోరు బాగానే తెరుచుకుంటుంటే యాంటీబయాటిక్ దండగ.

లవంగం_77: లవంగ నూనె దూది పెడితే?

జయనగర్_పళ్లడాక్టర్: వద్దండీ. చిక్కటి నూనె చిగురును కాల్చి తెల్లగా పొక్కిస్తుంది. ఆస్పిరిన్ బిళ్ల నొక్కిపెట్టడం ఇంకా ఘోరం. నొప్పికి ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా. బిళ్ల తిన్నాక మింగండి, రోజుకు మూడు మించొద్దు. అల్సర్, కిడ్నీ జబ్బు, గర్భం ఉంటే అదీ వద్దు, పారాసిటమాలే.

దవడ_సర్జన్: కడగడం వరకు సరే. కానీ జ్ఞానదంతం వాలి తన ముందున్న పంటిని ఆనుకుంటే, ఆ ముందుది వెనకవైపు పుచ్చిపోతుంది, అద్దంలో కనబడదు. ఓపీజీ, అంటే రెండు దవడలూ మొత్తం కనబడే ఎక్స్‌రే, తీయించకుండా ‘ఆగుదాం’ అనడం గుడ్డి బేరం. వయసు పెరిగితే ఎముక గట్టిపడి పీకడమూ కష్టమే.

జయనగర్_పళ్లడాక్టర్: ఎక్స్‌రే వద్దని ఎవరన్నారు? వేరు కింది దవడ నరాన్ని ఆనుకుందో లేదో తెలిసేది అందులోనే. నరం దెబ్బతింటే పెదవి మొద్దుబారుతుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2000లో చెప్పిందీ ఇదే: మొదటి వాపు మరీ తీవ్రంగా లేకపోతే పీకొద్దు, రెండోసారి వస్తే పీకొచ్చు.

మారతహళ్లి_మెతుకు: మూత ఒక్కటే కోసేస్తే?

దవడ_సర్జన్: పంటికి చోటు లేకపోతే మళ్లీ పెరుగుతుంది. ముందు పై జ్ఞానదంతం చూపించండి. అది వాచిన చిగురును కొరుకుతుంటే ఎంత కడిగినా తగ్గదు. పైది పీకడం చాలాసార్లు తేలిక. ఖర్చుకు వెనకాడితే మన బెంగళూరులో కోట దగ్గర, విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. నోట్లో రెండు వేళ్లు పట్టకపోయినా, మింగలేకపోయినా, దవడ కింద గట్టిగా వాచినా మాత్రం ఓపీ కోసం ఆగొద్దు, అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లండి.